పదహారో హోల్ దగ్గర ఆపేశారు

"సార్, క్లబ్బు కింద పెట్టండి. మీరిక ఒక్క షాట్ కూడా కొట్టకూడదు."

గోల్ఫ్ కర్రతో చేతులు వెనక్కి లేపిన నేను అలాగే ఆగిపోయాను. పదహారో హోల్. ముందు పచ్చటి మైదానం, దాని చివర సరుగుడు తోపు, ఆ వెనక సముద్రం. బగ్గీ దిగి అరుస్తున్నవాడు రిసార్టు మేనేజర్ దేశాయి. మాస్కు మీద మాస్కు వేసుకుని దూరంగానే నిలబడ్డాడు.

"రిసెప్షన్‌కి ఫోన్ వచ్చింది మల్లికార్జునరావు గారూ. మొన్న మీ ఇంట్లో కరోనా పాజిటివ్ వచ్చిందట. గేటు దాకా నడిచి వెళ్లండి. బగ్గీ ముట్టుకోవద్దు."

మా ఇంట్లో ఉండేది నేనూ, మా ఆవిడ ఛాయాదేవీ. ఆమె పొద్దున పెసరట్లు పోసి పెట్టి, గెలవకపోతే గడప తొక్కవద్దని చెప్పి పంపింది.

"మా ఆవిడకి ఏప్రిల్‌లో వచ్చింది, తగ్గిపోయింది. దసరా కూడా వెళ్లిపోయిందయ్యా!"

"ఏప్రిల్ సంగతి నాకు తెలియదు. ఫోన్ చేసినవాడు పేరు చెప్పలేదు, మీతో ఆడుతున్నవాణ్ణే అన్నాడు. పొరపాటైందని అతనే ఒప్పుకుంటే ఆడండి. లేదంటే మీ స్కోరు రద్దు."

రద్దు! ఈ రిసార్టు క్లబ్‌హౌస్ గోడకి ఒక నల్లటి చెక్క బోర్డు ఉంది. ఈ రోజు పోటీలో గెలిచినవాడి పేరు దాని మీద బంగారు అక్షరాలతో రాస్తారు. ఆ అక్షరాలకీ నాకూ మధ్య మిగిలింది మూడు హోల్స్. కలిసి ఆడుతున్న ముగ్గురిలో వరప్రసాద్ కంటే నేను రెండు షాట్లు తక్కువ కొట్టి ముందున్నాను.

వరప్రసాద్ రైల్వేలో పెద్ద ఇంజినీరు. నేను బ్యాంకు మేనేజర్ని. మేం ఉండేది సూరత్‌లో, మామూలుగా ఆడేది ఊరిబయటి పబ్లిక్ కోర్సులో. అక్కడ హోల్ చుట్టూ నున్నగా ఉండాల్సిన గ్రీన్ నిండా గేదెల గిట్టల గుర్తులు. నాలుగో హోల్ దగ్గర బంతి పడితే కుక్క నోట కరుచుకుని పోతుంది. అయినా సంతోషంగానే ఆడుకునేవాణ్ణి. మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక వరప్రసాద్ తనిఖీలంటూ ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి నాకు ఆ కోర్సు మీద మనసు విరిగిపోయింది.

తిరిగిన ప్రతి చోటి నుంచీ మా తెలుగు గోల్ఫర్ల వాట్సాప్ గ్రూపులో గొంతు వినిపించేవాడు. "ఉదయపూర్ దగ్గర రిసార్టండీ. సరస్సు మీదుగా కొట్టాలి. బంతి నీళ్లలో పడినా అందంగా పడుతుంది." ఇంకో నెలలో పుణె దాటాక ఎక్కడో కొండమీద పబ్లిక్ కోర్సు. "రుసుము తక్కువ, గాలి ఎక్కువ. బంతి మబ్బులోకి వెళ్లి మనసు మార్చుకుని వస్తుంది." ప్రతి మెసేజీ మూడుసార్లు వినేవాణ్ణి. ఒకసారి తెలుసుకోవడానికి, రెండోసారి అబద్ధం పట్టుకోవడానికి, మూడోసారి కుళ్లుకోవడానికి. రెండు ఊళ్ల బోర్డుల మీద అతని పేరుంది. ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి. తీసేయడానికి చెయ్యి రాదు.

ఈ రోజు మాత్రం గడ్డి నా మాట వింది. ఇక్కడి గడ్డి మీద బంతి, దిండు మీద తల పెట్టుకున్నట్టు ఆగుతుంది. ఉప్పుగాలి ఎడమనుంచి కొడుతుంది, దాన్ని ముందే లెక్కవేసుకుంటే చాలు. తొమ్మిదో హోల్ తర్వాత టీ తాగుతుంటే వరప్రసాద్ మొహం వాడిపోయి ఉంది. అప్పుడే ఫోన్ తీసుకుని పక్కకి వెళ్లాడు.

ఇంకేం కావాలి?

"ప్రసాద్, నువ్వేగా చేసింది?" అతని మీదికి వెళ్లాను.

"మతి పోయిందా రావుగారూ? సుమనకి చేశాను. మా ఆవిడకి ఫోన్ చేసుకోవడం కూడా తప్పేనా?" ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. నిజమే. టీ వేళకి భార్యకి చేసిన కాల్ తప్ప వేరేది లేదు. "రెండు షాట్ల కోసం ఇంత కుట్ర చేసేవాణ్ణయితే, మీరు జన్మలో ఒక్కసారైనా నా ముందుకు వచ్చేవారా?"

అంటూ అతను నవ్విన నవ్వుకి నా ఒళ్లు మండింది. అతను దొంగైతే బాగుండునని ఎంత ఆశపడ్డానో!

దేశాయి వైపు తిరిగాను. "ఫోన్లో ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి."

"హిందీలోనే మాట్లాడాడు. 'ఉస్కే ఘర్ మే పర్సో పాజిటివ్ ఆయా' అన్నాడు. పర్సో అంటే మంగళవారమా అని అడిగాను. 'హా హా, పర్సో, ఆమ్ కా సీజన్ థా' అని పెట్టేశాడు. మంగళవారం నాడు మామిడిపళ్ల సీజన్ ఏమిటో నాకు అర్థం కాలేదు."

నాకు అర్థమైంది.

సూరత్‌లో ఎవరైనా పర్సో జరిగిందంటే అది రెండు రోజుల కిందటి మాట. కానీ నేను కరీంనగర్ బ్రాంచిలో పనిచేసినప్పుడు విన్న పర్సో వేరు. ఒకాయన "పర్సో షాదీ హుయీ" అంటే కొత్త పెళ్లికొడుకని శుభాకాంక్షలు చెప్పాను. వెనకనుంచి ఆయన కొడుకు కాలేజీ బ్యాగుతో వచ్చి కూర్చున్నాడు. అక్కడ గడిచిపోయిన కాలమంతా పర్సోనే. అక్కడి తెలుగులో అయితే మొన్నే. రాజమండ్రి వరప్రసాద్ నోట ఆ మాట అలా రాదు.

మాలో మూడోవాడు శ్యాంసుందర్. జగిత్యాల నుంచి పెళ్లయ్యాక సూరత్ వచ్చి, నవాగామ్‌లో ఒక గదిలో మొదలుపెట్టి, ఇప్పుడు పర్వత్ పాటియా దగ్గర సొంత మరమగ్గాల షెడ్డు నడుపుతున్నాడు. మమ్మల్ని ఎప్పుడూ తన కారులోనే తీసుకొస్తాడు. ఇప్పుడు సరుగుడు నీడలో నిలబడి గ్లవ్ విప్పుతున్నాడు, తొడుక్కుంటున్నాడు.

దగ్గరికి వెళ్లి మామూలుగా అడిగాను. "శ్యాం, మీ ఛాయాదేవి వదినకి కరోనా ఎప్పుడొచ్చింది?"

"మొన్ననే గద సార్, మామిడిపండ్లప్పుడు..." అని నాలుక కరుచుకున్నాడు.

చేతిలోని గ్లవ్ జేబులో కుక్కుకున్నాడు.

"నేనేం అబద్ధమాడలే సార్. మొన్న అన్న, గంతే. వాడు గిట్ల తీస్కుంటడని నాకేమెరుక?"

"మంగళవారమా అంటే హా అన్నావటగా?"

తల దించుకున్నాడు. వెంటనే ఎత్తాడు. "నా స్కోరెంతనో చెప్పుండ్రి సార్."

నాకు తెలియదు. పొద్దున్నుంచి ఒక్కసారి కూడా అడగలేదు.

"మీకన్న ఒక్కటే ఎక్కువ. ప్రసాద్ సార్ కన్న ఒకటి తక్కువ. మీరిద్దరు ఒకల మొహం ఒకలు చూస్కుంట ఆడుతున్నరు. నేనేంది, మీ డ్రైవర్నా? ఉదయపూర్ నేను గూడ పోయిన, మా ఇంటామె నవతను తీస్కొని. ఆ సరస్సు మీదికెల్లి బంతి అవతల పడగొట్టిన. ఎట్లుండె శ్యాం అని ఒక్కలన్న అడిగిన్రా? గ్రూపుల పెడితె ఒక్క బొటనవేలు రాలే. మీ బంతి కుక్క ఎత్తుకపోయిందని మీరు పెడితె మాత్రం అందరు అయ్యో, అయ్యయ్యో!"

"నన్ను చూసి కుళ్లుకున్నావా?"

"కుళ్లుకోక? మీరేం ఆడినా ముచ్చటే నాయె."

సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాట నాకు తియ్యగా తగిలింది. నన్ను చూసి కుళ్లుకున్నవాడు ఇంతవరకూ ఎవరూ లేరు. నేను వరప్రసాద్ మెసేజీలు వింటున్నంతకాలం నా వెనక ఒకడు పళ్లు కొరుకుతున్నాడన్నమాట.

"నా పేరు చెప్పకుండ్రి సార్," గొంతు తగ్గించాడు. "మార్కెట్ల ఇజ్జత్ పోతది. మనోళ్లందరికి తెలుస్తది. మీకు దండం పెడ్త."

జాలేసింది. నాకంటే ఆ బాధ ఎవరికి తెలుసు? ఇంకోసారి ఆడొచ్చు, బోర్డు ఎక్కడికీ పోదు. గేటు వైపు నడవాలనే నిర్ణయించుకుని వెనక్కి వచ్చాను.

"తేలిందా సార్?" అన్నాడు దేశాయి. "చేసినవాడు తెలియకపోతే గేటు అటు."

వరప్రసాద్ అప్పటికే తన బంతి దగ్గర నిలబడి గాలి చూసుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"వెళ్లిరండి రావుగారూ! మిగతా మూడు హోల్స్ ఎలా ఉన్నాయో నేను గ్రూపులో చెబుతాగా. ఇంట్లో పడుకుని నింపాదిగా విందురుగాని."

ఆ గొంతు. సముద్రం, సరుగుడు, నేను చూడని పద్దెనిమిదో గ్రీన్, అన్నీ ఆ గొంతులోంచి మళ్లీ మూడుసార్లు వినాలి.

క్లబ్బు చేతిలోకి తీసుకున్నాను. వెనక్కి చూడలేదు.

"దేశాయి గారూ, మీకు ఫోన్ చేసినవాడు ఇక్కడే ఉన్నాడు," అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా. "శ్యాంసుందర్."