మేడంగారికి భయంగా ఉంది

"కిటికీ తలుపులు వేసెయ్, వచ్చేశారు," అన్నారు మావారు పేపర్లోంచి తలెత్తకుండా. ఆ రోజు ఆదివారం. ఆయన కోర్టుకు కట్టుకునే తెల్ల మెడపట్టీలను నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఊరికే కూర్చున్న మనిషి చెప్పాలి, చేతిలో పనున్న మనిషి లేవాలి; మా ఇంట్లో ఇది ఎవరూ రాయనక్కర్లేని చట్టం. ఇస్త్రీపెట్టె నిలబెట్టి లేచాను. వీధికి అవతల, చెట్టు నీడలో, డ్యూటీ దిగిన నర్సులు నిలబడి ఉన్నారు. కొందరు యూనిఫాం కూడా మార్చుకోలేదు.

వాళ్ల కేసు నాకు తెలుసు. గదికి పిలిచి గడియ పెట్టాడని ఆసుపత్రిలోని పెద్ద డాక్టరు మీద ఒక నర్సు ఫిర్యాదు చేసింది. జడ్జిగా మావారు అతన్ని నిర్దోషిగా వదిలేశారు. 'అంత కష్టం కలిగితే ఇన్నాళ్లూ నోరెందుకు విప్పలేదు' అని తీర్పులో రాశారు. ఆ వాక్యం బయటి ప్రపంచం కంటే ముందు నేనే విన్నాను. భోజనాలయ్యాక తీర్పులన్నీ నాకు చదివి వినిపిస్తారు, భాష సరిచూడడానికి. ఇద్దరం ఒకే క్లాసులో లా చదివాం, మార్కులు నాకే ఎక్కువ. పెళ్లయ్యాక "ఇంట్లో ఒక వకీలు చాలమ్మా, ఇద్దరుంటే అన్నం కూడా వాయిదా పడుతుంది" అని మామగారు జోకు వేస్తే అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వునే నా అంగీకారం కింద నమోదు చేసుకున్నారు.

రోజూ డ్యూటీ దిగాక వచ్చినా నర్సులు తిట్టేవాళ్లు కాదు. "ఇప్పుడు మాట్లాడుతున్నాం, వినండి" అని ఒక్క గొంతుతో అనేవాళ్లు, తర్వాత పాడేవాళ్లు. మూసిన అద్దాల్లోంచి మాటలు రాలిపోయి రాగం ఒక్కటే లోపలికి వచ్చేది. ఆయన కోర్టులో ఉండే మధ్యాహ్నాల్లో నేను సోఫాలో ఒరిగితే అది తలుపు సందులోంచి నీళ్లలా పాకి వచ్చి, సోఫాను మెల్లగా ఎత్తి, నన్ను గదుల మధ్య తేలుస్తూ తీసుకెళ్లేది. వంటగది గట్టు పక్కనుంచి జరిగిపోయేది. గట్టు మీద కూర్చుని అత్తగారు "ఆడదాని గొంతు గడప దాటకూడదు" అంటూ ఉండేవారు, కానీ ఆవిడ మాట కూడా నీళ్లలో పడి ఎటో కొట్టుకుపోయేది. చివరికి ఎవరూ లేని ఒక కోర్టు హాలు వచ్చేది. నేను నోరు తెరిచేదాన్ని. లోపలినుంచి నా గొంతే వచ్చేది, నేను మరిచిపోయిన గొంతు. మెలకువ వచ్చేసరికి చెంప మీద దిండు కుట్టు అచ్చు పడి ఉండేది. ఇన్నేళ్లూ నాది కోడికునుకు. ఒక చెవి కుక్కర్ మీద, ఒక చెవి ఆయన పిలుపు మీద. ఒళ్లు మరిచి నిద్రపోవడం అంటే ఏమిటో ఆ మధ్యాహ్నాల్లోనే తెలిసింది.

"ఇంటి ముందు అరిస్తే మారిపోయే తీర్పు అసలు తీర్పే కాదు," అన్నారు ఒకరోజు అన్నం కలుపుకుంటూ. "మాట్లాడే హక్కుంది, కాదనను. పై కోర్టు ఉంది, అక్కడ మాట్లాడుకోమను. ఇల్లంటే మనిషి ప్రశాంతంగా ఉండే చోటు."

మొదటి మాట నిజమే అనిపించింది. భయపడి రాసిన తీర్పు ఎవరికి కావాలి? చివరి మాట దగ్గరే ఒప్పుకోలేకపోయాను. ఈ ఇంట్లో ప్రశాంతతను రోజూ పొద్దున్నే లేచి తయారు చేసేది నేను. తయారు చేసిన మనిషికి అందులో వాటా ఉందా అని ఏ విచారణా జరగలేదు.

ఒక సాయంత్రం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సోఫా అంచున కూర్చుని, నేనిచ్చిన టీ పక్కన పెట్టి, మర్యాదగానే చెప్పాడు. "మేడంగారికి భయంగా ఉందని సార్ చెప్పారు. అదే మాట మీ నోటితో అంటే చాలండి. బెదిరింపు కేసు కడతాం. ముందు నిలబడే ఆ ఇద్దరు ముగ్గుర్ని లోపలేస్తే మిగతావాళ్లు వాళ్లే సర్దుకుంటారు."

"వాళ్ల ఉద్యోగాలో?"

"పోతాయండి మరి."

"తనకి రాత్రిళ్లు నిద్ర కూడా ఉండట్లేదు," అన్నారు మావారు నా బదులు. మా ఆవిడకి కారం పడదు, మా ఆవిడకి జనమంటే బెరుకు, మా ఆవిడకి ఈ గొడవలు పట్టవు. నా గురించి ఎన్నో సంగతులు ఆయన నలుగురికీ చెబుతుంటే విని తెలుసుకున్నాను. ఇప్పుడు నాకు భయమని తెలిసింది. నిజంగా ఉందేమోనని లోపల మూలమూలా వెతికాను. కనిపించలేదు.

"నాకు భయం లేదండి," అన్నాను. "నిద్ర కూడా బాగా పడుతోంది. పెళ్లయ్యాక ఇంత బాగా పట్టింది ఇప్పుడే."

ఇన్‌స్పెక్టర్ అప్పుడే తీసిన పెన్నుకు మళ్లీ మూత పెట్టాడు.

"వాళ్లు గేటు తోసినా, రాయి విసిరినా మీకు ముందు ఫోన్ చేసేది నేనే. మాట్లాడినందుకు మాత్రం చెయ్యను. ఎంత దూరంలో నిలబడాలో రూలు పెట్టుకోండి, తప్పు లేదు. నాకు లేని భయాన్ని మాత్రం సాక్ష్యానికి పిలవకండి."

అతను సార్ వైపు చూశాడు, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి లేచాడు. గేటు పడిన చప్పుడు వినగానే మావారు నా వైపు తిరిగారు.

"ఇలా అనిపిస్తోందని ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటైనా ఎందుకు అనలేదు?" అన్నారు. అని, ఆగిపోయారు. ఆ వాక్యాన్ని తను ఎక్కడ రాశారో ఆయనకే గుర్తొచ్చింది. కళ్లజోడు తీసి, తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడిచారు. జాలేసింది. అయినా జవాబు చెప్పలేదు. మనిషిని కాసేపు తన మాటతో ఒంటరిగా ఉండనివ్వడం కూడా మర్యాదే.

కేసు కట్టలేదు. జడ్జిల ఇళ్ల ముందు గుంపులు కూడకూడదని, మైకులు వాడకూడదని ఆర్డరు మాత్రం వచ్చింది. నర్సులు వీధి చివరికి మారారు. మా ఇంటికి ఇక ఏమీ వినపడదు. మళ్లీ ఆదివారం వచ్చింది. సోఫాలో ఒరిగితే గోడ గడియారం, ఫ్రిజ్ మూలుగు, పక్క గదిలో ఆయన పేజీ తిప్పిన చప్పుడు. నిద్ర రాలేదు. లేచి చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు.

"వీధి చివరికి."

గేటు తీసుకుని బయటికి నడిచాను.

ఎండ లేత తేనెలా వీధంతా పరుచుకుని ఉంది. అడుగు వేసేకొద్దీ గాలిలోంచి ముందు రాగం, తర్వాత మాటలు ఒక్కొక్కటిగా విడివడి నా దగ్గరికి వచ్చాయి. ముందు వరసలో ఒక పొట్టి అమ్మాయి నన్ను గుర్తుపట్టి పాట ఆపింది. మిగతావాళ్లూ ఆగారు.

"జడ్జిగారింటి మేడం కదా," అంది అనుమానంగా. "ఎవరి తరఫున వచ్చారు?"

"నా తరఫునే," అన్నాను. "కొంచెం జరుగమ్మా."