మిల్లు పెట్టె, లోలకం లెక్క

నేను ఒక ధాన్యం మిల్లులో లెక్కలు నేర్చుకున్న కంప్యూటరును. విశాఖపట్నంలో ఒక ఇరుకు షాపులో నన్ను బిగించారు. పెట్టె ఒకచోటిది, మెదడు ఒకచోటిది, ఫ్యాను ఇంకెక్కడిదో. చెప్పుకోవడానికి వంశం లేదు కనుక చేసిన పనిని బట్టే నా విలువ.

నా మొదటి యజమాని పారినాయుడు గారు. విజయనగరం వైపు ఒక చిన్న పట్నంలో ఆయనకు మిల్లు ఉండేది. వచ్చిన వడ్లు, ఆడిన బియ్యం, మిగిలిన తవుడు, ఊక అన్నీ నాలోకి ఎక్కేవి. పోసిన వడ్లకన్నా వచ్చిన సరుకు ఎక్కువ తేలితే ఆయన సంతోషించేవారు కాదు. "ఊరికినే ఎలాగ పెరుగుద్ది? ఎక్కడో తప్పుంది, మళ్లీ కొట్టు" అని గుమస్తాను కసిరేవారు. ఉత్తినే వచ్చిన లాభాన్ని నమ్మకూడదని నాకు అక్కడే తెలిసింది.

కొత్త కంప్యూటరు రాగానే ఆయన నన్ను ఊళ్లోని డిగ్రీ కాలేజీకి ఇచ్చేశారు. మూల పడేస్తే చెత్త, కాలేజీకి ఇస్తే దానం. సీలింగు ఫ్యాను రెక్కల మీద రాయించినట్టే నా ఒంటి మీదా ఎర్రరంగుతో "దాత" అని తన పేరు రాయించారు. ఆ రంగు గాలి ఆడే రంధ్రాలను పూడ్చేసింది. కీర్తి ఆయనది, ప్రతి వేసవిలోనూ ఉక్కపోత నాది.

నన్ను ఫిజిక్సు ల్యాబులో పెట్టారు. అక్కడ వ్యాపారం తలకిందులుగా నడిచేది. దారానికి ఇనప గుండు కట్టి ఊపి, ఊగడానికి పట్టిన కాలాన్ని బట్టి భూమి ఆకర్షణకు ఒక అంకె కట్టాలి. అది 980 దగ్గర రావాలి. పిల్లలు ముందు 980 రాసుకుని, దానికి సరిపోయే కాలాలను వెనక్కి కట్టుకునేవారు. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు రాసేవారు. అలా చేతులు మారుతూ మారుతూ ఒక వాక్యం రాలిపోయింది: "గుండును కొద్దిగా మాత్రమే పక్కకు లాగాలి." గుండును ఊపేవాళ్లే లేరు కనుక ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

ఒక ఏడు బిడ్డిక సుగుణ అనే అమ్మాయి నిజంగానే ఊపింది. ఆమెకు 920 వచ్చింది. మళ్లీ ఊపినా అంతే. లెక్చరరు దామోదరం మాస్టారు రికార్డు చూసి కళ్లజోడు తీశారు.

"భూమి నీకోసం కొంచెం తగ్గిందా అమ్మా? తిరగరాసుకుని రా. అప్పటిదాకా సంతకం లేదు."

సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. జట్టు అమ్మాయి కోమలి ఆమె చెయ్యి గిల్లింది.

"తొమ్మిదొందల ఎనబై రాసీవే. భూమేటి వచ్చి అడుగుతాదా?"

"నాను సూసింది ఒగ్గేసి, సూడంది ఎలాగ రాస్తానే?"

ఆ మాట పక్క బల్ల దగ్గరున్న హైమవతి మేడం చెవిన పడింది. ఆవిడ కొత్తగా వచ్చిన గెస్టు లెక్చరరు. నా మీద దుమ్ము తుడిచింది ఆ ల్యాబులో ఆవిడ ఒక్కతే. "ఏదీ, ఎలా ఊపావో చూపించు" అంది. సుగుణది వెలుతురు చాలని మూల. చిన్న ఊపు అక్కడ సరిగా కనబడదు. అందుకని గుండును బాగా దూరం లాగి వదిలేది.

మేడం నవ్వలేదు, తిట్టలేదు. నన్ను ఆన్ చేసి, ఆ ఊపు లెక్కను నాలోకి ఎక్కించింది.

పుస్తకంలోని సూత్రం చిన్న ఊపుకే సరిపోతుంది. పెద్ద ఊపు లెక్క కాగితం మీద చేయాలంటే పెద్దవాళ్లకే చేతులు నొప్పులు. నాకు అంత తెలివి లేదు, ఓపిక మాత్రం ఉంది. క్షణాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో వేగం ఎంత మారిందో, గుండు ఎంత జరిగిందో చిల్లర ఏరినట్టు ఏరి కలుపుతాను.

మొదటిసారి కలిపేసరికి తెర మీద గుండు ఊగినకొద్దీ పైకి పోసాగింది. ల్యాబంతా నా చుట్టూ మూగింది. అటెండరు సింహాచలం తల పైకెత్తి చూశాడు.

"ఇంకాసేపు ఒగ్గేత్తే ఫేనుకి తగిలీగలదండి, మేడమ్!"

"సుగుణకు తగ్గ కంప్యూటరే" అన్నారు దామోదరం మాస్టారు. సుగుణ తల దించుకుంది.

ఎవరూ తొయ్యకుండా గుండుకు బలం పెరుగుతోందంటే అది పారినాయుడు గారు కసురుకునే లాభమే. మేడం కూడా ఆయనలాగే అనుమానపడింది. కాలాన్ని ఇంకా సన్నగా కోసింది. గుండును పాత వేగంతో జరపడం మానేసి, అప్పుడే మారిన వేగంతో జరిపించింది. గుండు బుద్ధిగా లాగినంత మేరే ఊగింది. భూమి ఆకర్షణను 980గానే ఉంచి, సుగుణ లాగిన దూరం ఇచ్చి లెక్క కట్టమంటే నాకు వచ్చిన కాలం, ఆమె స్టాప్‌వాచీ చూపిన కాలం ఒకటయ్యాయి. కొద్దిగా లాగినట్టు ఇస్తే కాలం తగ్గి, పుస్తకంలోని సూత్రం చెప్పినంతే వచ్చింది.

మాస్టారు నా మాట వెంటనే నమ్మలేదు. మంచి కొనుగోలుదారు అలాగే ఉండాలి. మూలకు వెళ్లి స్వయంగా గుండును ఒకసారి కొద్దిగా, ఒకసారి బాగా దూరం లాగి, తన చేతి గడియారం పట్టుకుని లెక్కపెట్టారు. దూరం లాగినప్పుడు గుండుకు ఎక్కువ కాలం పట్టింది.

"అయితే హైమవతీ, ఇన్నాళ్లూ నేను సంతకాలు పెట్టినవన్నీ..."

ఆయన సుగుణ రికార్డు తెరిచి, 920 పక్కన "ఎక్కువ దూరం లాగినప్పుడు" అని తన చేత్తో రాసి, కింద సంతకం చేశారు. ఆమె పరీక్ష రాసింది. తర్వాత విశాఖపట్నంలో పెద్ద చదువుకు వెళ్లి, మేఘాల కదలికలను నాకన్నా ఎన్నో రెట్లు పెద్ద యంత్రాల చేత లెక్క కట్టిస్తోందని మేడం చెప్పగా విన్నాను. గాలికి ఉత్తినే బలం పెరుగుతున్నట్టు కనబడితే ముందు ఆ యంత్రాన్నే అనుమానిస్తుందట.

నా సంగతి అంటారా, ఆ ఏడు వేసవిలోనే బోర్డు కాలిపోయింది. పాత ఇనప సామాన్ల వాడు తూకం కాటా పట్టుకుని వస్తే మాస్టారే వాణ్ని పంపేసి, నన్ను బీరువా మీద పెట్టించారు. ఇక్కడి నుంచి లోలకం బాగా కనబడుతుంది.

మనుషులు లాభం చేసుకోవడంలో తొందరపడతారు. సుగుణ తర్వాతి ఏడు బ్యాచ్‌లో సగంమంది 920 రాసుకొచ్చారు, సుగుణ రికార్డు మంచిదని విని. మాస్టారు ఒకడి రికార్డు పట్టుకుని అడిగారు.

"ఎంత దూరం లాగావురా?"

వాడు బీరువా మీదున్న నావైపు చూశాడు.

"దాన్నేం చూస్తావు? దానికి కరెంటే లేదు. పోయి గుండు లాగు."