పడటానికే కొన్నారు నన్ను

నేను ఒక నాలుగు రెక్కల చిన్న డ్రోన్‌ను. అరచేతిలో ఇమిడిపోతాను. కెమెరా లేదు. పెళ్ళిళ్ళకు పనికిరాను, పొలాలకూ పనికిరాను. ఎక్కడో ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా కడుపులో తీగలు అతికించింది. కరిగిన సీసం పొగ ఆమె ముక్కులోకే పోయేది. నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోబోతే ఆ పొగ దగ్గరే ఆగిపోతాను. మనుషులు చేసే ప్రతి గొప్ప వస్తువు కిందా ఎవరో ఒకరి ఊపిరి ఉంటుంది. అట్టపెట్టె మీద మాత్రం దాన్ని అచ్చెయ్యరు.

నరసరావుపేటలో ఒక కొట్టు అద్దాల బీరువాలో ఉండగా మార్తమ్మ వచ్చింది. మిరపచేలల్లో కూలి. పొలాలకు మందు కొట్టే పెద్ద డ్రోన్ నడపటానికి మహిళా సంఘం ఆమెను ఎంపిక చేసింది. శిక్షణ తర్వాత పరీక్ష. ముందు చిన్నదాని మీద చెయ్యి అలవాటు చేసుకోమన్నారు.

కొట్టతను కెమెరా ఉన్నదాన్ని ముందు పెట్టాడు. "ఇది తీసుకోండమ్మా. దానంతటదే గాల్లో నిలబడుద్ది. మీరు వేలు కూడా పెట్టక్కర్లా."

"దానంతటదే నిలబడితే నేనేం నేర్చుకుంటానయ్యా? కింద పడ్డా బతికేది ఏదో అదియ్యి."

అతను నవ్వి నన్ను నడుమెత్తు నుంచి నేల మీదికి వదిలేశాడు. రెక్కల చుట్టూ ప్లాస్టిక్ చట్రం ఉంది కాబట్టి దొర్లి ఊరుకున్నాను. "ఇదైతే చావదు," అన్నాడు. అలా కొన్నది నన్ను, పడటానికి.

ఆమె పట్టుదల ఎందుకో ఇంటికెళ్ళాక తెలిసింది. ఆమె భర్త ఇన్నయ్య ఏళ్ళ తరబడి వీపున పంపు మోసి మిరపకు మందు కొట్టాడు. ఇప్పుడు నాలుగు మాటలాడితే దగ్గు. మళ్ళీ మందు పీలిస్తే మనిషి దక్కడని ఆసుపత్రిలో చెప్పారు. అయినా పంపును అమ్మెయ్యలేదు, మూలనే ఉంది. ఆమె పరీక్ష తప్పితే అతను మళ్ళీ అది తగిలించుకుంటాడు. పూట గడవాలి కదా. మిరపకాయ ఎరుపును పొగిడేవాళ్ళు చాలామందే ఉన్నారు, మందు కొట్టినవాడి కళ్ళ ఎరుపు చూసినవాడు లేడు.

ఆమె నన్ను వేపచెట్టుకు కొట్టింది. గేదె కుడితిలో ముంచింది. నేను దూరంగా పోతున్నంతసేపూ బాగానే నడిపేది. ముఖం ఆమె వైపు తిప్పుకుని తిరిగొచ్చేటప్పుడే చిక్కు. అప్పుడు నా కుడి ఆమెకు ఎడమ. ఆమె రిమోట్ మీది పుల్లను కుడికి నెడితే నేను ఆమె ఎడమకు పోతాను. కంగారులో ఇంకా నెట్టేది. నేను వెళ్ళి గోడకు తగిలేదాన్ని.

"ఎగరేస్తన్నావా, గోడలు పడగొడతన్నావా?" అన్నాడు ఇన్నయ్య మంచం మీంచి.

"దగ్గొచ్చినా నీ నోరు తగ్గలేదయ్యా!"

"ఒసే, నా మాటిను. మందు కొట్టేటప్పుడు మేం వెనక్కి నడుస్తాం. తడి ఆకు ఒంటికంటకుండా. ముఖం ఒకవేపు, నడక ఇంకోవేపు. అది నీ మీదికొచ్చేటప్పుడు నువ్వు దానికి వీపు తిప్పు. మెడ తిప్పి చూడు."

ఆమె వీపు తిప్పి, భుజం మీంచి నన్ను చూసింది. ఇద్దరం ఒకే దిక్కుకు నిలబడ్డాం. నా కుడి ఆమె కుడి అయింది. తిన్నగా వచ్చి ఆమె కాళ్ళ దగ్గర దిగాను. అన్ని మాటలు చెప్పినందుకు ఇన్నయ్య చాలాసేపు దగ్గాడు. ఆమె రిమోట్ కింద పెట్టి అతని వీపు నిమిరింది. నన్నెవరూ చూడలేదు. చూడక్కర్లేదు కూడా.

పరీక్ష నెగ్గింది. అప్పటికి నా చెయ్యి ఒకటి విరిగింది, మోటారు ఒకటి తిరగదు.

మొదటి పొలం చలమయ్యది. అచ్చొచ్చానని నన్నూ సంచిలో వేసుకెళ్ళింది. ఇన్నయ్యా వెంట వచ్చాడు. పెద్ద డ్రోన్ గట్టున చేతులు చాచి నిలబడింది. దాని ముందు నేను ఈగను. కూలీలు మూగారు. వాళ్ళలో కొందరి పనిని ఆ యంత్రం తినెయ్యబోతోంది. అది వాళ్ళకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ సంగతి దాచిపెట్టి సంబరపడటం నా వల్ల కాదు.

"ఊఁ, లేపు మార్తమ్మా," అన్నాడు చలమయ్య, మందు డబ్బాలు దించుతూ.

"ట్యాంకులో మందు ఎవరు కలుపుతారండీ?"

"ఎవరో ఏంది? నీ మొగుడు ఖాళీగానే ఉన్నాడుగా. నాలుగు తిప్పులు తిప్పితే పోద్ది. ఏం ఇన్నయ్యా?"

ఇన్నయ్య లేచాడు. చిన్నప్పటి నుంచీ ఆ పిలుపుకు లేచిన కాళ్ళవి. డబ్బా మూత తీశాడు. ఈ ట్యాంకులో పోసే మందు పంపులో మందు కన్నా చిక్కన. నీళ్ళు తక్కువ, విషం ఎక్కువ. ఘాటు నా సంచి దాకా వచ్చింది.

మార్తమ్మ డబ్బా లాక్కుని మూత బిగించింది. "ఈయన ఊపిరి కోసమే నేనిది నేర్చుకుంది, చలమయ్యగారూ. కలిపేవాళ్ళకి గ్లౌజులు, మూతికి మాస్కు, ఒంటికి కోటు. అవొచ్చిందాకా ఇది లేవదు."

"ఒక్క డబ్బాకి ఇంత యాగీనా? ఇంకోణ్ణి పిలుస్తా."

"పిలవండి. ఆడి ఊపిరికీ ఇదే మాట. ఎగరేసేది నేనే గదా."

చలమయ్య కూలీల వైపు చూశాడు. ఆ యంత్రం ఎవరి పని తింటుందో వాళ్ళే అక్కడున్నారు. ఒక్కడూ ముందుకు రాలేదు. చలమయ్య ఏదో గొణుక్కుంటూ, గ్లౌజులూ కోట్లూ కొనుక్కురావటానికి బండెక్కి టౌనుకు పోయాడు.

మార్తమ్మ పెద్ద డ్రోన్‌ను ఎవరూ లేపకుండా దాని బ్యాటరీ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని గట్టున కూర్చుంది. ఇన్నయ్య చేతులు కడుక్కొచ్చి పక్కన చేరాడు. చేను మీంచి గాలి వచ్చింది. ఆ పూట గాలిలో మందు లేదు. అతను అందినంత పీల్చుకున్నాడు.