మూడు కుండీలూ ఒక జడా

శనివారం లేవగానే చాందిని చేసే మొదటి పని, బాత్రూం తలుపు గడియ పెట్టుకుని జడ కొలుచుకోవడం. జనవరి మొదటి వారంలో జడ మోకాళ్ళ దాకా ఉండేది. నెలాఖరుకి తొడల దాకా వచ్చింది, ఫిబ్రవరిలో నడుము దగ్గరికి జరిగింది. ఈ వేళ టేపు తీసి చూస్తే భుజం దాటి మూడు వేళ్ళే ఉంది. ఇంక దీన్ని జడ అనడానికి కూడా ఆమెకి సిగ్గేసింది. ఆఫీసులో వాళ్ళు అడిగితే కత్తిరించుకున్నానని అబద్ధం చెబుతూ వచ్చింది.

ఆమె భర్త అభినవ్ వాళ్ళది రేపల్లె. వాళ్ళింటి మగవాళ్ళు ఇష్టంగా చూసిందల్లా పెరుగుతుంది, చూడ్డం మానేస్తే తరుగుతుంది. రేపల్లెలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఎవరి పెరట్లోనైనా సొరపాదు ఎదగకపోతే అభినవ్ తాతగారిని కాఫీకి పిలిచి, పాదుకి ఎదురుగా కుర్చీ వేసేవాళ్ళు. పెళ్ళిచూపుల రోజునే అత్తగారు గిరిజాకుమారి దాపరికం లేకుండా చెప్పేసింది.

"మావాడు చూస్తే నీ జుట్టు బాగా పెరుగుద్దమ్మా. తలంటు పోసుకోడానికి సగం రోజు పడుద్ది, ఓపిక ఉండాలి మరి."

ఆవిడ అన్నట్టే పెళ్ళైన నెల తిరక్కుండా జడ మోకాళ్ళు దాటింది. ఈ దేశం వచ్చాక, శాండీఫోర్డ్ నించి లువాస్ ట్రాము ఎక్కితే తలుపుల్లో పడకుండా దాన్ని చుట్టి ఒళ్ళో పెట్టుకునేది. ఎదుటి సీట్లో ముసలమ్మలు ముచ్చటపడి అడిగితే, "మా ఆయన చూస్తాడు" అని చెప్పేది. వాళ్ళు అదృష్టవంతురాలివి అనేవాళ్ళు. చాందినికి కూడా అలాగే ఉండేది, క్రిస్మస్ సెలవులదాకా.

సెలవులకి ముందు ఆఫీసులో డారా అనే అతను అభినవ్ చేతిలో మూడు గింజలు పెట్టాడు. గంజాయి గింజలు. అభినవ్ సిగరెట్టు కూడా ముట్టడు, ఆ ఆకు వాసనకి తలనొప్పి వస్తుందని తనే అంటాడు. కానీ రోజంతా కంప్యూటర్ తెరకేసి చూసి చూసి, అక్కడ ఏదీ పెరగక, ఆ కళ్ళు ఆకలి మీద ఉన్నాయి. బాల్కనీలో వేసిన టమాటాల్ని గాలి ఎత్తుకుపోయింది. అందుకని చిన్న బెడ్‌రూంలో నల్లటి గుడారం వెలిసింది. దాంట్లో ఒక దీపం, మూడు కుండీలు.

"ఇవి ఆటోఫ్లవరింగ్ రకం చాందూ," అన్నాడు మొదటి మొలక వచ్చిన రోజు, మొహం వెలిగిపోతూ. "మిగతా వాటిలాగా పగలు తగ్గిందా, రాత్రి పెరిగిందా అని చూసుకోవు. వయసు రాగానే వాటంతట అవే పూసేస్తాయి."

"వాటంతట అవే పూసేవాటికి నీ చూపెందుకు?"

"ఊరికే చూస్తున్నా, అంతే."

చాందినికి కడుపు మండింది అక్కడే. ఊరికే చూడ్డానికి మొక్కలు కావాల్సి వచ్చాయి. చూడకపోతే తరిగిపోయే మనిషి పక్క గదిలో ఉంటే, ఎవరూ చూడకపోయినా పూసేవాటి ముందు స్టూలు వేసుక్కూర్చున్నాడు. పొద్దున లేస్తే వాటికే మొదటి పలకరింపు. ఆఫీసులో ఉన్నంతసేపూ చూడ్డానికి గుడారంలో చిన్న కెమెరా పెట్టి ఫోనుకి కలుపుకున్నాడు. రాత్రి నిద్రలో కూడా వాటినే కలవరించేవాడు. అవి తొందర రకం, పెరగడమైనా తరగడమైనా క్షణాల మీద. ఒకరోజు మీటింగులో పది నిమిషాలు ఫోను తియ్యలేకపోతే జానెడు తగ్గాయట. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా వాటి ముందు కూర్చుని ఆ జానెడూ తిరిగి పెంచాడు. అదే మనిషి, తన భార్య నెత్తి మీంచి మూరల కొద్దీ జుట్టు పోయిందని గమనించలేదు.

"గార్డులకి తెలిస్తే?" అని అడిగింది ఒకసారి. ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు. ఈ దేశ పౌరసత్వానికి ఇద్దరూ దరఖాస్తు పెట్టి పధ్నాలుగు నెలలైంది. నడవడిక మంచిదని సంతకాలు పెట్టారు. ఏ రోజైనా ఉత్తరం రావచ్చు. ఇలాంటి కేసు ఒక్కటి మీద పడితే ఆ ఉత్తరం మాట మర్చిపోవాల్సిందే.

"గ్రాండ్, గ్రాండ్. ఏం కాదు. పూత చూసి పీకేస్తా," అన్నాడు ఫోను వంక చూస్తూనే.

నిజం చెప్పుకోవాలంటే, ఆ గార్డుల నంబరు చాందిని తనే రెండుసార్లు నొక్కి చెరిపేసింది. ఉత్తరం గురించి భయపడి కాదు. అతన్ని పట్టుకెళ్తే అక్కడ కూడా వాటినే తలుచుకుంటూ కూర్చుంటాడని.

ఈ శనివారం కొలత అయ్యాక కాటిక పెట్టుకుందామని చూస్తే డబ్బా కనపడలేదు. సొరుగులన్నీ వెతికింది. చివరికి చిన్న బెడ్‌రూం తలుపు తోస్తే, స్టూలు మీద ఉంది. మూడు కుండీలకీ తలా ఒక నల్లటి చుక్క. పసిపిల్లలకి పెట్టినట్టు గుండ్రంగా, శ్రద్ధగా.

అభినవ్ గుడారం ముందు నిలబడి ఉన్నాడు. పిడికిట్లో కళ్ళుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు.

"ఆకుల కొసలు పసుపు తిరిగాయి. ఎవరి దిష్టో తగిలింది," అంటూ మూడు మొక్కల చుట్టూ మూడుసార్లు తిప్పాడు. రెండేళ్ళ కిందట చాందిని జ్వరంతో పడుకున్నప్పుడు వాళ్ళమ్మ ఫోనులో దిష్టి తీయించమంటే, "ఇవన్నీ నువ్వు నమ్ముతావా చాందూ?" అని నవ్విన మనిషి ఇతనే.

"నాదే," అంది చాందిని.

"ఏంటి?"

"దిష్టి. నాదే. పది వారాల నించీ పెడుతున్నా."

ఆ మాట అతని చెవిన పడిందో లేదో, వంటింట్లోకి వెళ్ళి, అలమరలోంచి పెనం తీసి, మిరపకాయలు వేసి మంట పెద్దది చేశాడు. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఇక్కడ వచ్చిన ఘాటుకి ఇద్దరికీ ఊపిరాడలేదు. తన ఇన్ని వారాల కడుపుమంట కనీసం దిష్టికైనా పనికిరాలేదని చాందినికి దగ్గుల మధ్యలోనే ఏడుపొచ్చింది. ఆ పొగ పైకప్పు దాకా వెళ్ళింది, అలారం మోగింది. ఆ వెనకే ఆరంతస్తుల బిల్డింగులో అలారాలన్నీ మోగాయి.

కేర్‌టేకర్ బ్రెండన్ తలుపులు బాది అందర్నీ దించేశాడు. కార్ పార్కులో సన్నటి వాన. ఫైరింజను వచ్చి ఆగింది, నలుగురు మనుషులు దిగారు.

"ఒక్కో ఫ్లాటూ తెరిచి చూస్తారు," అన్నాడు బ్రెండన్ అందరికీ వినపడేలా. "కింద నించి మొదలుపెడతారు. అన్ని గదులూ."

అభినవ్ ఫోను తీసి గుడారం కెమెరా తెరిచాడు. మూడూ నడుమెత్తున నిక్కి నిలబడి ఉన్నాయి.

"చాందూ, అయిపోయాం. ఏం చేద్దాం?"

చాందిని అతన్నే చూసింది. కష్టం వచ్చాక గుర్తొచ్చాను అనుకుంది. ఒక్క మాట ఆ ఫైరు మనిషితో అంటే చాలు, ఆ మూడింటి పీడా వదిలిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, అతని చేతిలోంచి ఫోను లాక్కుని కోటు జేబులో వేసుకుంది.

"నన్ను చూడు."

"ఏంటీ?"

"అటు చూడకు, కిటికీ వంక కూడా చూడకు. వాటిని తలుచుకోకు. నన్ను చూడు అభీ. పది వారాలైంది."

అతను చూశాడు. మొదట భయంతో, ఊరికే. తర్వాత అతని కళ్ళు ఆమె భుజం దగ్గర ఆగాయి.

"జుట్టెప్పుడు కత్తిరించుకున్నావ్?"

"కత్తిరించుకోలేదు."

అభినవ్‌కి అర్థమైంది. కళ్ళు నిండాయి, కానీ తిప్పుకోలేదు. కనుబొమల మధ్య కొత్తగా పడిన గీత, పొగకి ఎర్రబడ్డ ముక్కు, కాటిక లేని కళ్ళు, అన్నీ ఒక్కోటీ చూశాడు. పది వారాల బాకీ ఒక్కసారే తీరుతున్నట్టు చాందిని వీపు మీద ఏదో పాకి, తలకి బరువు తెలిసింది. మొదటి అంతస్తు తలుపులు తెరిచి మూసిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత రెండోది. అతని చూపు ఒకసారి పైకి జారబోతే ఆమె అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. మూడో అంతస్తు కూడా అయ్యేసరికి జడ కోటు కింద నించి బయటికొచ్చి వానకి తడుస్తోంది.

ముప్పావుగంటకి ఒక ఫైరు మనిషి కాయితాల అట్ట పట్టుకుని కిందికొచ్చాడు.

"నాలుగో అంతస్తులో మాడిన పెనం మీదేనా? ఆ పక్క గదిలో గుడారం, దీపం, మూడు కుండీల మట్టి. ఏం వేశారు?"

"కొత్తిమీర," అంది చాందిని. "మొలవలేదు."

"ఈ దేశంలో అంతేలెండి. పెనం మాత్రం జాగ్రత్త," అని కాయితం మీద ఒక గీత గీశాడు. జూన్ నెలలో పౌరసత్వం ఉత్తరం చేతికొచ్చినప్పుడు చాందినికి మొదట ఆ గీతే గుర్తొచ్చింది. ఆ ఫైరు మనిషి వెళ్ళబోతూ ఆగి జడ వంక చూశాడు. "ఇంత అందమైన జుట్టు నేనెక్కడా చూడలేదు," అన్నాడు.

మెట్లెక్కుతూ అభినవ్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నాలుగో అంతస్తు దగ్గర ఇంక పట్టలేకపోయాడు.

"వాడేంటి, అంతసేపు చూశాడు?"

పది వారాల్లో మొదటిసారి చాందినికి కడుపు చల్లగా ఉంది. గుడారం జిప్పు తీసింది. కుండీల్లో మట్టి మీద మూడు గింజలు, డారా ఇచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాటిని ఏరి టాయిలెట్లో వేసి నీళ్ళు వదిలింది. అభినవ్ అటు తిరగలేదు, ఆమె జడనే చూస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత దగ్గరికొచ్చి, కుండీ మీద ఇంకా తడిగా ఉన్న చుక్కని వేలితో తీసి, ఆమె చెవి వెనక పెట్టబోయాడు.

"ఆ ఫైరాయన కళ్ళు మంచివి కావు. దిష్టి తగులుద్ది, ఉండు."

చాందిని అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"కుండీకి పెట్టింది నాకొద్దు," అంది. "డబ్బాలోంచి కొత్తది తీసి పెట్టు."