శనివారపు చప్పుడు

ఉప్పునీళ్ల బకెట్లో బ్రష్షు ముంచి, విదిలించి, ట్రూడి బీరి తరువాతి చీజు చక్రం మీద గుండ్రంగా రుద్దసాగింది. నేలమాళిగ గోడల పొడుగునా చెక్క అరల మీద చీజు చక్రాలు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కటీ నడక నేర్చిన పసివాడంత బరువు. దాన్ని రెండు చేతులా ఎత్తి, తిరగేసి, పైన రుద్ది, అంచు రుద్ది, మళ్లీ అరలోకి తోసి, పక్కదాని దగ్గరకు జరగాలి. బడి మానేసినప్పటి నుంచీ ఆమె చేస్తున్న పని ఇదే. ఉప్పు తాగి తాగి వేళ్ల చివర్లు తెల్లగా ఉబ్బి ఉంటాయి. కణుపుల దగ్గర చీలికలు మానవు. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి దిగి ఉంటుంది. బరువులెత్తడం వల్ల అలా అయిందని ఊళ్లోవాళ్లు అంటారు. తుపాకి వల్ల అని ట్రూడి అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గడ్డం కొద్దిగా పైకి లేస్తుంది.

అరవై దాటిన మనిషి. వెడల్పాటి ఎముక, ఎండకు కమిలిన మెడ, అద్దం ముందు తనే కత్తిరించుకున్న నెరిసిన జుట్టు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఎవరూ నాకంటే నిశ్శబ్దంగా ఉండలేకపోయారు" అనేది.

ఆఖరి చక్రం అరలోకి తోసి, బ్రష్షు మేకుకు తగిలించి, ఆమె పైకి వచ్చింది. శనివారం. మధ్యాహ్నం మిట్టమీది రేంజిలో తుపాకి గురి షూటింగ్ ఉంది. దానికంటే ముందు అక్కడ బార్లీ సూప్ పొయ్యి మీద పెట్టాలి, బంగాళాదుంపల సలాడ్ కలపాలి. అక్కడి తుపాకి సంఘంలో వంట ట్రూడిది. ఎప్పుడు అలా నిర్ణయమైందో ఎవరూ అడగరు. ఎవరూ నిర్ణయించలేదు కూడా.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని బీరువా తెరిచింది. లోపల కోట్ల వెనక నాన్న కార్బైను ఉంది. యుద్ధకాలంలో నాన్న సెప్ బీరి దాన్ని భుజాన వేసుకుని కనుమ దగ్గర మంచులో కాపలా కాశాడు. ఒక్క గుండు కూడా మనిషి మీద పేల్చలేదు. సైన్యంలో తన వంతు కొలువు పూర్తయ్యాక అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ ఆ తుపాకి ఇచ్చి ఇంటికి పంపారు. భుజానికి ఆనించే చెక్క అడుగుభాగమంతా గీతలూ సొట్టలూ. బూట్లకు అంటిన మంచుగడ్డల్ని దానితో కొట్టి రాలగొట్టేవారట. ఆ సొట్టల్ని నున్నగా చేయించమని ఎంతమంది చెప్పినా ట్రూడి వినలేదు. ఏడాదికోసారి నూనెగుడ్డతో తుడుస్తుంది, అంతే.

ఆమెకు ఆ తుపాకిలో అన్నిటికన్నా ఇష్టమైనది గుండు ఎక్కించే బోల్టు. దాన్ని మెలితిప్పి లాగనక్కర్లేదు. పిడి పట్టుకుని తిన్నగా వెనక్కి లాగితే చాలు, మంచి వడ్రంగి చేసిన సొరుగులా జారుతుంది. తోస్తే మళ్లీ అంత మెత్తగానూ మూసుకుంటుంది. రోజంతా మొరటు బరువులు మోసిన చేతులకు ఆ ఒక్క కదలిక ఎంతో మర్యాదగా తోచేది. తనతో ఈ ఊళ్లో ఇంత మర్యాదగా మసలుకునేది ఇదొక్కటేనని ఆమె ఒకసారి పాత పోస్ట్‌మాన్ ఆల్ఫోన్స్‌తో అంది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

తుపాకి చేతికి రావడానికి ఆమె చాలాకాలం ఆగవలసి వచ్చింది. ఊరి కుర్రాళ్లందరికీ గురి నేర్పే రోజుల్లో తనకీ నేర్పమని అడిగింది. సంఘానికి అప్పటి అధ్యక్షుడు ముసలి ఫెల్డర్ ఆమెను పైనుంచి కిందికి చూసి, "భుజం ఊడొస్తుందే పిల్లా. పోయి సాసేజీలు కాల్చు" అన్నాడు. నాన్న పక్కనే నిలబడి పైపు వెలిగించుకున్నాడు. కాని ఆ వారమే అడవంచున ఉన్న రాళ్లగుట్ట వెనక్కి తీసుకెళ్లి ఆమె చేతికి కార్బైను ఇచ్చాడు.

రేంజిలో ఆమెకు దక్కింది గొయ్యి. గురిపలకల కింద తవ్విన ఆ గోతిలో కూర్చుని, గుండు పడగానే పలకను కిందికి దించి, చిల్లికి కాగితం ముక్క అంటించి, మళ్లీ పైకి లేపి, గుండు ఎక్కడ పడిందో పొడుగాటి కర్రతో చూపించాలి. తల మీదుగా గుండ్లు కొరడా విదిలించినట్టు చిటుక్కుమంటూ పోయేవి. ఎవరిది స్థిరమైన చెయ్యో, ఎవరు నిన్న రాత్రి తాగారో ఆ చిల్లులే చెప్పేవి. గుండు ఎక్కడ పడిందో చూపే మిషన్లు వచ్చి గొయ్యి మూసేశాక, నాన్న పోయాక, అప్పుడు మాత్రమే ఆమెను సభ్యురాలిగా చేర్చుకున్నారు. అదీ వంట చేసే ముసలావిడ మంచం పట్టడం వల్ల.

కార్బైను వీపున వేసుకుని, సలాడ్ డబ్బా సైకిలు బుట్టలో పెట్టుకుని ట్రూడి మిట్ట ఎక్కసాగింది. ఒకప్పుడు దారికి రెండువైపులా ఫెల్డర్ల పచ్చిక ఉండేది. ఇప్పుడు అక్కడ నాలుగు తెల్లని అపార్టుమెంట్లు, అద్దాల బాల్కనీలు. గేటు దగ్గర కుక్కతో నిలబడ్డ ఇసెలిన్ గారు ఆమెను చూసి చెయ్యెత్తి ఆపాడు. పట్నం నుంచి వచ్చి రెండేళ్లు కాలేదు.

"బీరి గారూ, ఈవేళ కూడా ఉందా?"

"ఉందండీ. ఓ రెండు గంటలు."

"ఆ చప్పుడుకి మా కుక్క సోఫా కింద దూరుతుంది. మేం ఇక్కడికి ప్రశాంతత కోసం వచ్చాం."

"ఇల్లు కొనేటప్పుడు పైన ఆ షెడ్డు కనిపించలేదా?"

"ఆవుల కొట్టం అనుకున్నాం."

"ఆవులు మాత్రం ఊరుకుంటాయా? అరుస్తాయి. మెడలో గంటలు కూడానూ."

"గంటల గురించి కూడా పంచాయతీకి రాశాం" అన్నాడు ఇసెలిన్ గారు, చాలా మర్యాదగా.

ట్రూడి సైకిలు తోసుకుంటూ ముందుకు నడిచింది. ఆదివారం ఆదివారం కనుమ మీదికి మోటారుసైకిళ్లు గుంపులుగా రొద చేసుకుంటూ పోతాయి. వాటిమీద ఎవరూ రాయరు. ఈయన బాల్కనీలో గడ్డి కోసే మిషన్ అంత పెద్దగా పాటలు పెడతాడు. దాని మీదా ఎవరూ రాయరు. మిట్ట మీద ఓ రెండు గంటలు పేలే తుపాకులే ఈ లోకంలో చప్పుడంతా చేస్తున్నట్టు. ఆమె చెవుల దగ్గర నెత్తురు కొట్టుకుంది. సూప్ పొయ్యి మీద పెట్టేదాకా ఆ కోపం దిగలేదు.

తన వంతు వచ్చేసరికి సూప్ ఉడికింది. ట్రూడి పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, చాప మీద బోర్లా పడుకుంది. పక్క చాప మీద ఆల్ఫోన్స్ ఉన్నాడు. అతనిదీ అలాంటి కార్బైనే.

"ఏమ్మా ట్రూడీ, సూప్‌లో ఉప్పు సరిపోయిందా?"

"నీ గుండ్లకన్నా తిన్నగా పడింది."

చెవి మూతలు పెట్టుకోగానే లోకం దూరంగా జరిగింది. మోచేతులు చాపలో కుదిరాయి. లోయకు అవతల గట్టు మీద తెల్లని పలక, దాని నడుమ నల్లని మచ్చ, దాని వెనక ఎండలో మెరుస్తున్న గడ్డి. గొట్టం కొసనున్న సన్నని ఇనుప పలుకు ఆ మచ్చ కింద వచ్చి నిలిచేదాకా ఆమె ఊపిరి వదిలింది. వేలు మెల్లగా బిగిసింది. కార్బైను భుజాన్ని తన్నింది. కాలిన మందు వాసన ముక్కుకు తగిలింది. బోల్టు లాగింది, ఖాళీ తూటా ఎగిరి చాప మీద దొర్లింది. తోసింది. మళ్లీ ఊపిరి. గుండె రెండు చప్పుళ్ల మధ్య ఎంత చోటుంటుందో అంత చోటులో ఆమె కూర్చుంది. అక్కడ చీజు చక్రాలు లేవు, ఇసెలిన్ గారు లేరు, ముసలి ఫెల్డర్ లేడు. నాన్న కూడా లేడు, ఆయన చెంప ఆనించిన చెక్క నునుపు తప్ప.

ఒక గుండు అంచుకు పోయింది, తక్కినవి బాగానే పడ్డాయి. ఆమెకన్నా బాగా కొట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, ఎప్పుడూ ఉంటారు. ట్రూడి లేచి మోకాళ్లు దులుపుకుంది. మొహమంతా ఎర్రగా, చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది.

తరువాత అందరూ బల్లల దగ్గర చేరారు. ట్రూడి సూప్ పోసింది, రొట్టె ముక్కలు పెట్టింది. చివరికి తనూ ఒక గిన్నె తెచ్చుకుని బల్ల కొసన కూర్చుంది. అప్పుడు అధ్యక్షుడు కోన్రాడ్ ఫెల్డర్ లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. ముసలి ఫెల్డర్ కొడుకు. తండ్రి మీసమే, తండ్రి గొంతే.

"మిత్రులారా, ఒక కబురు. మనవాళ్లూ, పంచాయతీ, కింద అపార్టుమెంట్లవాళ్లూ కలిసి కూర్చుని మాట్లాడుకున్నాం. కాలం మారుతోంది. ఈవేళ్టితో ఈ రేంజి మూసేస్తున్నాం. ఇకనుంచి మనమంతా జిల్లా కేంద్రంలోని కొత్త ఇండోర్ రేంజికి వెళ్తాం."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. చెంచాలు ఆగలేదు. ట్రూడి చెంచా ఒక్కటే ఆగింది. అందరి మొహాలూ చూసింది. అందరికీ ముందే తెలుసు.

కోన్రాడ్ కుర్చీ వెనకనుంచి ప్లాస్టిక్ కాగితం చుట్టిన పెద్ద పూలగుత్తి తీశాడు. "ఇన్నేళ్లు తన సలాడ్‌తో ఈ సంఘాన్ని నిలబెట్టిన మన ట్రూడికి" అంటూ ఆమె చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు.

ట్రూడి పూలగుత్తిని బల్లమీద పెట్టింది.

"మనవాళ్లంటే ఎవరు కోన్రాడ్?"

"ఎవరేంటి? సంఘం. చలికాలం మీటింగులో చేతులెత్తి ఒప్పుకున్నాం."

"నేనెత్తలేదే."

"నువ్వు వంటింట్లో ఉన్నావు కదా ట్రూడీ. సూప్ పోస్తున్నావు."

"మీకే పోస్తున్నాను. ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని. తలుపు తీసే ఉంది."

"ఎలాగూ మెజారిటీ వచ్చేసింది" అన్నాడు కోన్రాడ్ నవ్వుతూ. ఆ నవ్వు మిగతావాళ్లకు కూడా పంచుదామని చుట్టూ చూశాడు.

"కింద ఆ పచ్చిక ఎవరిది?"

"మాది. అమ్ముకున్నాను. అందులో తప్పేముంది?"

"అమ్ముకోవడంలో తప్పులేదు. పైన తుపాకులు పేలతాయని కొన్నవాళ్లతో చెప్పావా? ఆయన దీన్ని ఆవుల కొట్టం అనుకున్నాడట."

"అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు కోన్రాడ్. నవ్వు తగ్గింది.

బల్ల చుట్టూ తలలు గిన్నెల్లోకి వంగాయి. వీళ్లలో సగంమంది గుండ్లకు ఆమె గోతిలో కూర్చుని కాగితాలు అంటించింది. వీళ్ల పెళ్లిళ్లకూ చావులకూ వండిపెట్టింది. ఆమె ఆల్ఫోన్స్ వైపు చూసింది. ఒక్కడు, ఒక్కడైనా మాట్లాడితే చాలనుకుంది. ఏం మాట్లాడినా ఫరవాలేదు.

ఆల్ఫోన్స్ రొట్టె ముక్క తుంచుతూ, "పోనీలే ట్రూడీ. అక్కడ హీటరుందట. లిఫ్టు కూడా. ఈ వయసులో వానలో తడవడం మనకెందుకు చెప్పు" అన్నాడు.

కోన్రాడ్ మాటలకన్నా ఆ మాట ఆమెకు ఎక్కువ తగిలింది. గిన్నె పక్కకు జరిపి లేచింది. గోడకు ఆనించిన కార్బైను తీసి, బోల్టు తెరిచి, లోపల ఏమీ లేదని చూసి, మూసి, వీపున వేసుకుంది. గడపదాకా వెళ్లాక వెనకనుంచి కోన్రాడ్ గొంతు వినిపించింది.

"ట్రూడీ, మరి గిన్నెలు?"

ఆమె వెనక్కి తిరిగింది. మొహంలో కోపం తప్ప ఇంకేమీ లేదు. అది ఎంతోకాలం ఉప్పులో నిలవ ఉన్న కోపం.

"మెజారిటీతో కడుక్కోండి."

సైకిలెక్కకుండా తోసుకుంటూనే మిట్ట దిగింది. ఇసెలిన్ గారి బాల్కనీలో పాటలు వస్తున్నాయి. ఆమె తలెత్తి చూడలేదు.

ఆ తరువాత ట్రూడి సంఘంలో అడుగుపెట్టలేదు. వారం రోజులూ చీజు చక్రాలు తిప్పుతుంది. శనివారం మాత్రం తపాలావాళ్లు నడిపే పసుప్పచ్చని పోస్టు బస్సెక్కి, కార్బైను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, కనుమ దాటి పక్కలోయకు వెళ్తుంది. అక్కడ ఇంకా పచ్చిక అమ్ముడుపోలేదు. రేకుల కప్పు కింద పదిమంది కూడా లేని చిన్న సంఘం ఆమెను చేర్చుకుంది. మొదటి రోజే వాళ్ల అధ్యక్షుడు మొహమాటపడుతూ, "మీకు వంట వచ్చా?" అని అడిగాడట. గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదని చెప్పిందట ట్రూడి.

మిట్టమీది రేంజిలో గిన్నెలను మర్నాడు కోన్రాడ్ భార్య వచ్చి ఒక్కతే కడిగి, బోర్లించి, బల్లలు తుడిచి వెళ్లింది. పూలగుత్తి తనది కాదు గనక విప్పకుండా కిటికీ గూట్లోకి జరిపింది. ఆకులు రాలే రోజుల్లో షెడ్డు విప్పడానికి పనివాళ్లు వచ్చేసరికి అది ఇంకా అక్కడే ఉంది. పూలు గోధుమరంగుకు తిరిగి తల వాల్చేశాయి, చుట్టిన ప్లాస్టిక్ కాగితం మాత్రం కొత్తగా మెరుస్తోంది, ఎర్ర రిబ్బను ముడి ఎవరూ విప్పలేదు.