పది నిమిషాల ప్రార్థన

బాయిలర్ మీటరు ముల్లు ఎర్రగీత దాటేసరికి లాండ్రీలో నూట నలభై మంది కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. మూసుకోమన్నారు కాబట్టి మూసుకున్నారు. చెక్కపెట్టె ఎక్కి పాటక్క ప్రార్థన పాడుతోంది. అందరికంటే గట్టిగా కళ్ళు మూసుకున్నది ఆమే.

"వదినా! పాట ఆపు!"

ఆ అరుపు తన మరిదిదని ఆమెకు తెలుసు. బాయిలర్ చూసే మనిషి అతనే. యజమాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్న రోజే వీడికి ఈ వేషాలేమిటని ఆమెకు తల కొట్టేసినట్టయింది. "ప్రార్థన అయ్యాక చెప్పుకో" అని మేనేజరు అతన్ని పట్టి ఆపడం వినబడింది. గోడ అవతల బుస్సుమంటున్న చప్పుడూ వినబడింది. అప్పుడామె ఏం చేసిందో తెలుసా? గొంతు పెంచింది. ఆ చప్పుడు ఎవరి చెవినా పడనంతగా పెంచింది.

మరిది మేనేజరు చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు. ఆవిరి వదిలే వాల్వు సగం తిప్పాడు. ఆ సగంతోనే నూట నలభై మంది బతికారు. మిగతా సగం తిప్పేలోపు గొట్టం పగిలి మరిగే ఆవిరి అతని ఒంటి మీద పడింది. మూడోరోజు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఆ ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది ఈ లాండ్రీయే. అతని మీద కప్పిన దుప్పటి అంచున తమ లాండ్రీ గుర్తు చూసి పాటక్క గోడకు చేరగిలబడింది.

రెండేళ్ళ కిందటి దాకా ఆ పది నిమిషాలు ప్రార్థనవి కావు. గంట కొట్టగానే ఇస్త్రీ రోలర్ల దగ్గరి ఆడవాళ్ళు తమ యంత్రాల బెల్టులు చూసుకునేవాళ్ళు. ఫిట్టరు గొట్టాల వెంట చెయ్యి ఆనించుకుంటూ తిరిగేవాడు. బాయిలర్ మనిషి నీళ్ళూ ముల్లూ చూసి సరేనన్నాకే పని మొదలయ్యేది. తర్వాత యజమానికి పెద్ద జబ్బు చేసి తగ్గింది, దాంతో భక్తి పుట్టుకొచ్చింది. భక్తి పుట్టినవాడు తన పొద్దులోంచి పది నిమిషాలు తీసి దేవుడికి ఇచ్చుకోవచ్చు, ఎవరొద్దన్నారు? ఈయన మాత్రం మనుషులు తమ ప్రాణాలు కాచుకునే పది నిమిషాలు తీసి ఇచ్చాడు. పైవాడు చూసుకుంటుంటే మీరు చూసేదేముంది అన్నాడు. మంచి గొంతు ఉందని పాటక్కని రోలరు వేడి నుంచి తప్పించి మడత గదిలో కూర్చోబెట్టాడు. ఆమె పొంగిపోయింది. ఆమె భక్తి దొంగ భక్తి కాదు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయిన మనిషికి పైన ఒకడున్నాడన్న మాటే ఇన్నాళ్ళూ కూడూ గుడ్డా అయింది.

చావు జరిగిన మర్నాడు మేనేజరు ఆమెని ఆఫీసు గదికి పిలిపించాడు. కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆమెని కూర్చోమనడం అదే మొదటిసారి.

"రేపు ప్రార్థనలో ఒక్కమాట చెప్పమ్మా. ఇదంతా దైవనిర్ణయం, ఎవరి తప్పూ లేదు, తలవంచి ఉండటమే మనిషి ధర్మం అని. నీ మాట అందరూ వింటారు. మీ తోడికోడలికి మడత గదిలో పని ఇస్తాం."

"చెప్పకపోతే?"

"బాయిలర్ వదిలిపెట్టింది మీ మరిది. నిర్లక్ష్యమని అతని మీదే రాయాలి. అప్పుడు ఆ పిల్లకి పనీ ఉండదు, ఏమీ ఉండదు."

"వదిలి వచ్చి వరుసలో నిలబడమన్నది మీరే కదండీ?"

"నేనెక్కడన్నాను? దేవుడి కోసం నిలబడ్డాడు."

ఆ సాయంత్రం పని దిగాక అందరూ ఆరేసే షెడ్డులో చేరారు. మేనేజరు అడిగిందీ బెదిరించిందీ పాటక్క అప్పటికే అందరికీ చెప్పేసింది. తడి దుప్పట్ల మధ్య ఒకరి మొహం ఒకరికి సగమే కనబడుతోంది. ఫిట్టరు మొదలుపెట్టాడు. కోపం వస్తే అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"దేవుడూ లేడు, గీవుడూ లేడు. ముందు ఆ మాట ఒప్పుకోండి, తర్వాత పోరాటం సంగతి!"

ఉతుకుడు తాత లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా సోడా నీళ్ళలో నానిన చేతులు అతనివి. "నోరు అదుపులో పెట్టుకో! నాకు పైవాడు ఉన్నాడు. మనిషన్నాక ఎవరికో ఒకరికి తల వంచాలిరా. లేకపోతే కళ్ళు నెత్తికెక్కుతాయి."

"వంచి వంచి మెడ అట్లాగే ఉండిపోయింది తాతా! ఎవడి ముందు వంచుతున్నావో కూడా చూసుకోవట్లేదు."

"పదండిరా పోదాం. వీడితో కూర్చుంటే పాపం చుట్టుకుంటుంది" అని తాత కదిలాడు. సగం షెడ్డు అతని వెనకే కదిలింది. రేపు పొద్దున యజమాని కోరుకునేది సరిగ్గా ఇదే. వీళ్ళు దేవుడి గురించి జుట్టూ జుట్టూ పట్టుకుంటే బాయిలర్ గురించి అడిగేవాడు ఉండడు.

పాటక్క దుప్పటి పక్కకి లాగి మధ్యలోకి వచ్చింది.

"ఆగు తాతా. నాకూ ఉన్నాడు పైవాడు. రేపూ ఉంటాడు. ఫిట్టరు లేడన్నంత మాత్రాన పోడు. కానీ ఆ రోజు కళ్ళు మూసుకోమన్నది ఆయనా, మేనేజరా? నా మరిది ఆపమని అరిచాడు. నేను విన్నాను. విని కూడా గొంతు పెంచాను. దేవుడి కోసం కాదు తాతా. యజమాని ముందు పరువు పోతుందని."

ఒక మూల నుంచి తోడికోడలు వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

"నాకు తెలుసు అక్కా. ఆసుపత్రిలో మా ఆయనే చెప్పాడు."

"నన్ను తిట్టవే."

"తిడతాను. బతికున్నన్నాళ్ళూ తిడతాను. కానీ రేపు ఆ పెట్టె ఎక్కి దేవుడు చంపాడని చెప్పావంటే మాత్రం నీ మొహం చూడను. వాళ్ళ పని వాళ్ళ దగ్గరే పెట్టుకోమను. ఇద్దరు పిల్లల్నీ నేను ఎలాగో సాకుతాను. మీ నాన్న నిర్లక్ష్యంగా చచ్చాడని వాళ్ళు ఎక్కడా వినకూడదు."

తాత వెళ్ళలేదు. బోర్లించిన తొట్టి మీద కూలబడ్డాడు. ఆ తర్వాత జరిగిన మాటల్లో దేవుడు ఉన్నాడా లేడా అన్నది మళ్ళీ రాలేదు.

మర్నాడు గంట కొట్టారు. యజమాని తెల్లబట్టల్లో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. గొట్టానికి కొత్త ముక్క అతికించారు. దాన్ని పరీక్షించినవాడు లేడు. పాటక్క పెట్టె ఎక్కింది.

"ఎవరూ కళ్ళు మూసుకోవద్దు" అంది. "నా మరిదిని దేవుడు చంపలేదు. తనిఖీ పది నిమిషాలూ లాక్కున్నవాళ్ళు చంపారు. నేను గొంతు పెంచి వాళ్ళకి సాయం చేశాను. సర్కారు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా బాయిలర్ వెలగదు. పొద్దుటి పది నిమిషాలూ మళ్ళీ తనిఖీకే ఇవ్వాలి. చనిపోయినవాడి మీద ఒక్క అక్షరం తప్పు రాసినా ఊరుకోం."

యజమాని లేచాడు. అతనికి ఒళ్ళు మండిపోయింది కానీ గొంతు మెత్తగానే ఉంచాడు.

"అమ్మా, ఇది అహంకారం. చావు పుట్టుకలు మన చేతిలో ఉన్నాయా? ఆయన రాసిపెట్టినదానికి లొంగి ఉండాలి."

"సరేనండీ, లొంగుదాం. అందరం కలిసే లొంగుదాం." ఆమె పెట్టె దిగి బాయిలర్ గది తలుపు బార్లా తెరిచింది. "ఫిట్టరు వెలిగిస్తాడు. మీరు వచ్చి ఇక్కడ, నా మరిది పడిపోయిన చోట నిలబడండి. మీ పక్కన నేనుంటాను. పది నిమిషాలే. చావు పుట్టుకలు మన చేతిలో లేవు కదా, రండి."

నూట నలభై మంది అటూ ఇటూ తప్పుకుని దారి ఇచ్చారు. కుర్చీ నుంచి తలుపు దాకా ఇరవై అడుగులు ఉంటుంది. తోడికోడలు యజమాని మొహంలోకే చూస్తోంది. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. తలుపులోంచి బయటికి తన్నుకొస్తున్న తుప్పు వాసన తగిలింది. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఇంకొక అడుగు కూడా వెనక్కి వేశాడు.

"పోలీసుల్ని పిలవండి" అన్నాడు మేనేజరుతో.

ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వలేదు. రెండేళ్ళుగా ఆ మనిషి ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డామన్న మంట అందరికీ ఒక్కసారే నెత్తికెక్కింది. రోలరు ఆడవాళ్ళు ఆయన కుర్చీ ఎత్తి గేటు బయట పడేశారు.

పోలీసులు గంటలోపే దిగారు. బాయిలర్ గది ముందు వరుసలు కట్టి కూర్చున్నవాళ్ళని చూసి, ఎవరు ఇక్కడ పెద్ద అని అడిగారు. మేనేజరు పాటక్క వైపు వేలు చూపించాడు. ఆమె లేచి, తోడికోడలి చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, తనే నడిచి వెళ్ళి వ్యాను ఎక్కింది.

వ్యాను కదలబోయింది. దాని ముందు ఉతుకుడు తాత వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో మేస్త్రీ ఎదురుపడితేనే పక్కకి ఒదిగిపోయిన మనిషి.

"తప్పుకో ముసలాయనా, చస్తావ్!" అని డ్రైవరు అరిచాడు.

"ఆ రాత రాసేది నువ్వు కాదులే" అని తాత చక్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఫిట్టరు వచ్చి అతని భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. గేటులోంచి మిగతావాళ్ళు వస్తూనే ఉన్నారు.