రెండు చెంచాలు ఎక్కువ

తనకు దక్కనిది ఎదుటివాళ్లకీ దక్కకూడదనుకోవడం అసూయా, లేక న్యాయం కోసం ఆరాటమా? మూడు రోజులుగా పెద్దకోడలు తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇది. జవాబు తెలియక కాదు. తెలిసిన జవాబు మొహం చూడలేక.

ఆమె వేరుశెనగ గోదాములో గింజలు ఏరుతుంది. మంచివి బస్తాల్లోకి పోతాయి. ముడుచుకున్నవీ రంగు మారినవీ ఏరినవాళ్లే కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. అది అక్కడి ఆనవాయితీ. వేయించి, పొట్టు తీసి, పిండి కొడితే ఏ గింజ ఎలాంటిదో ఎవరికి తెలుస్తుంది? కడుపుతో ఉన్నప్పుడు ఆమె ఆ పిండే తిన్నది. పాలు మాన్పించాక కూతురి జావలోనూ అదే కలిపింది. కూతురికి ఇప్పుడు నాలుగేళ్లు, చూసినవాళ్లు రెండంటారు. ఇంట్లో అందరూ పిలిచే పేరు పిడికెడు.

మూడు రోజుల క్రితం సరుకు పరీక్షించడానికి వచ్చినాయన ఏరివేత గంపలో చెయ్యి పెట్టి అదిరిపడ్డాడు. "ఇవి ఇళ్లకి పట్టుకెళ్తున్నారా? బూజు విషమమ్మా ఇది. కంటికి కనపడదు, వేయించినా చావదు. తల్లి తింటే కడుపులో బిడ్డకి చేరుతుంది. పుట్టాక పాలల్లోనూ వెళ్తుంది. పిల్లలు సరిగా ఎదగరు."

"మా పిల్ల ఎదగంది అందుకేనా?"

"అందుకేనని ఎలా చెప్పను? కాదనీ చెప్పలేను."

ఆ రోజు నుంచి పిడికెడు జావలో పిండి పడలేదు. తోడికోడలికి మాత్రం ఆమె నోరు విప్పి చెప్పలేదు.

చిన్నకోడలికి ఏడో నెల. వీపు వెనక దిండు, కాళ్ల కింద పీట. పెద్దకోడలి కడుపు పండినప్పుడు "మేం కనలేదా?" అని చీపురు చేతికిచ్చిన అత్తే, ఇప్పుడు చిన్నకోడలి గిన్నెలో ఆ పిండి రెండు చెంచాలు ఎక్కువ వేస్తోంది. ఆ రెండు చెంచాలను చూసి పెద్దకోడలు నెలల తరబడి కుళ్లుకుంది. ఇప్పుడు తాను చెయ్యవలసిందేమీ లేదు, ఊరుకుంటే చాలు. మిగతాది అత్త ప్రేమే చూసుకుంటుంది.

ఆ సాయంత్రం ఆమె గుమ్మంలో నిలబడగానే అత్త అందుకుంది. "వచ్చావా? తినే గిన్నెలోకి అలా గుడ్లప్పగించకు, దానికి అరగదు."

చిన్నకోడలు ఫక్కున నవ్వింది. "మీరు పెట్టేది ఏనుక్కైనా అరగదత్తయ్యా! పాపం, అక్క చూపునెందుకంటారు?"

పిడికెడు పిన్ని పొట్టకు నోరు ఆనించి, లోపలివాళ్లకి తన వయసు గట్టిగా చెబుతోంది. చిన్నకోడలు ఆ పిల్ల తల నిమిరింది. "నాకూ అచ్చం ఇలాంటిదే పుట్టాలక్కా."

మూడు రోజులుగా పెద్దకోడలు కోరుకుంటున్నదీ అక్షరాలా అదే. తోడికోడలి నోట అది దీవెన. తన మనసులో శాపం. ఆ శాపానికి తన కూతురే కొలబద్ద. కన్నబిడ్డను ఇంకొకరికి శిక్షగా తూచిన తల్లి తను.

చిన్నకోడలు చెంచా ఎత్తింది. పెద్దకోడలు రెండంగల్లో వెళ్లి గిన్నె లాక్కుంది.

"కడుపుతో ఉన్నదాని నోటికాడ కూడు లాక్కుంటావా! ఇంత ఓర్వలేనితనమా?"

"ఓర్వలేకే మూడు రోజులు ఊరుకున్నానత్తయ్యా. ఇందులో విషం ఉంది. తెచ్చింది నేను, నా పిల్లకి పెట్టిందీ నేనే. నన్ను తర్వాత తిడుదురుగాని." ఆమె తోడికోడలి వైపు తిరిగింది. "లే అమ్మాయ్. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంకా ఉంటుంది. ఎన్నాళ్లుగా తింటున్నావో అంతా చెప్పాలి."

జావ తూములో పారబోసి, పిండి డబ్బా చంకన పెట్టుకుని, రెండో చేత్తో చిన్నకోడలి చెయ్యి పట్టుకుని ఆమె గడప దాటింది.